అబ్దలీ తోటలో అడవిపందుల వేట

సైన్యంలో ఆర్మరర్ హవల్దారుగా పనిచేసి బయటికొచ్చాక, 1988లో కువైట్‌లో ఒక వేట తుపాకుల వ్యాపారి దగ్గర ఉద్యోగంలో చేరాను. ఆర్మరర్ అంటే తుపాకులు బాగుచేసేవాడు. గురి కుదర్చడం, గొట్టం అరిగిందో లేదో చూడడం, పాడైన స్ప్రింగు మార్చడం అతని పని. పేల్చడం వేరేవాళ్ళ పని. నా కఫీల్‌ని, అంటే నన్ను వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న ఆ యజమానిని, అందరూ అబూ ఫహద్ అనేవారు. స్వయంగా వేటగాడు. ఆయన దుకాణం కువైట్ నగరంలో ఉండేది, నా గది నగర శివారు ఖైతాన్‌లో. వారం చివర, అంటే అక్కడి సెలవులైన గురు, శుక్రవారాల్లో మాత్రం నా డ్యూటీ ఉత్తరాన, ఇరాక్ సరిహద్దు పక్కనున్న అబ్దలీలోని ఆయన తోటలో. తుపాకి మందు ఊళ్ళో నిలవ ఉంచడం ఆయనకు ఇష్టం లేదు. అందుకని తోటలో ఒక గది కట్టించి, దానికి ఏసీ పెట్టించి, తూటాలు నింపే సరంజామా అంతా అక్కడే ఉంచాడు.

ఈ తూటాలు నింపడం సంగతి కొంచెం చెప్పాలి. రైఫిల్ పేలిన తర్వాత ఇత్తడి కేసు ఖాళీగా బయటపడుతుంది. అది పారేయాల్సిన వస్తువు కాదు. అడుగున పేలిపోయిన ప్రైమర్‌ని, అంటే నిప్పు రాజేసే చిన్న మూతని, తీసేసి కొత్తది గుచ్చుతాం. ఉబ్బిన కేసుని ప్రెస్సులో నొక్కి పాత కొలతకు తెస్తాం. మందు త్రాసులో తూచి పోస్తాం. ఆ పైన బుల్లెట్ కూర్చోబెడతాం. ఫ్యాక్టరీ తూటా అందరికీ ఒకే కొలత చొక్కా లాంటిదైతే, చేతితో నింపింది ఆ ఒక్క తుపాకికి కుట్టిన చొక్కా. అబూ ఫహద్ స్నేహితులు దీని కోసం నా దగ్గరికి వచ్చేవాళ్ళు.

1990 ఆగస్టు రెండో తేదీ గురువారం. అలవాటు ప్రకారం బుధవారం సాయంత్రమే తోటకి చేరుకున్నాను. తెల్లవారకముందే నేల అదిరింది. గోడ మీది నుంచి చూస్తే రోడ్డు మీద ఇరాక్ ట్యాంకులు దక్షిణానికి పోతున్నాయి. మధ్యాహ్నానికి మేమున్నది కువైట్‌లోనో ఇరాక్‌లోనో మాకే తెలియని పరిస్థితి. అబూ ఫహద్ కుటుంబంతో ఎండాకాలం సెలవులకు విదేశం పోయి ఉన్నాడు. తోటలో మిగిలింది ముగ్గురం. నేను, రాయచోటి వైపు నుంచి వచ్చి తోటపని చేస్తున్న ఓబులేసు, అమలాపురం దగ్గర పల్లె నుంచి వచ్చి ఆ ఇంట్లో వంట చేసే మేరీ. చుట్టుపక్కల తోటల్లో మనవాళ్ళు ఇంకొంతమంది ఉండేవాళ్ళు. యజమానులు లేరు, జీతం లేదు, బయటికి పోయే దారి తెలియదు.

తోటలో బావి ఉంది, బెండకాయలు, వంకాయలు, మిరప ఉన్నాయి. బియ్యం మాత్రం తరిగిపోతోంది. సరిగ్గా అప్పుడే పందులు వచ్చాయి.

కువైట్ ఎడారిలో అడవిపందులేమిటని చాలామంది అడిగారు. సరిహద్దు అవతల బస్రా వైపు ఖర్జూరపు తోపుల్లో, రెల్లుపొదల్లో అవి ఎప్పుడూ ఉండేవని అక్కడివాళ్ళు చెప్పేవారు. ట్యాంకులు సరిహద్దు కట్టల్ని తొక్కి పోయాక వాటికి అడ్డు లేకపోయింది. నీళ్ళ వాసన పట్టుకుని తోటల్లో పడ్డాయి. బొట్లుబొట్లుగా నీళ్ళు పారే గొట్టాలను కొరికేశాయి. బెండ మళ్ళను తవ్విపోశాయి. పొద్దున్నే ఓబులేసు ఆ మళ్ళ మధ్య నిలబడి, "అన్నా, సద్దాము పోయినా పోతాడు గానీ ఈ పంది నాబట్టలు పోయేట్టు లేవు," అన్నాడు. అంత కష్టంలోనూ నాకు నవ్వొచ్చింది.

మా తోటకు ఆనుకుని ఇరాకీ సైనిక దళం ఒకటి దిగింది. వాళ్ళు కూరగాయల కోసం వచ్చేవాళ్ళు. అడగడం అంటూ ఉండేది కాదు, తీసుకుపోయేవాళ్ళు. ఆగస్టు చివర్లో ఒక ఉదయం అలా వచ్చిన సైనికులు నా పనిగది తాళం పగలగొట్టారు. లోపల బల్లకు బిగించిన ప్రెస్సు, దాని పొడవాటి చెయ్యి, మందు డబ్బాలు, వరసగా నిలబెట్టిన ఇత్తడి కేసులు. వాళ్ళ సార్జంటు ఒక్క అరుపు అరిచాడు. ఆ అరుపులో నాకు అర్థమైన మాట ఒక్కటే, బాంబులు. ఇంట్లో ఆయుధం దొరికితే కాల్చేస్తామని వాళ్ళు అప్పటికే ప్రకటించి ఉన్నారు. మా ముగ్గురినీ గోడ వారగా కూర్చోబెట్టి చేతులు తల మీద పెట్టించారు. మేరీ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. ఓబులేసు మెల్లగా, "అన్నా, ఏమన్నా చెప్పు, నీకు మిల్ట్రీ బాస వొచ్చు గదా," అన్నాడు.

కాసేపటికి వాళ్ళ నఖీబ్ వచ్చాడు. నఖీబ్ అంటే మన కెప్టెన్ హోదా. సన్నగా, పొడుగ్గా, కళ్ళ కింద నలుపుతో ఉన్నాడు. ఇది ఎవరిదని అరబ్బీలో అడిగాడు. నేను లేచి, మడమలు దగ్గరికి చేర్చి, సావధాన్‌లో నిలబడ్డాను. నా పాత హోదా చెప్పాను. ఇవి బాంబులు కావు సయ్యిదీ, వేట తూటాలు, నేను చేసి చూపిస్తాను అన్నాను. సయ్యిదీ అంటే మన సర్ లాంటి మాట. నాకు వచ్చిన అరబ్బీ అంతంత మాత్రమే, అతనికి వచ్చిన ఇంగ్లీషూ అంతే. రెండూ కలిపితే పని జరిగింది. ఆయన పిస్టలు ఒరలోంచి తీసి, చెయ్యమన్నట్టు గడ్డంతో సైగ చేశాడు.

ఆ రోజు ఒక్క తూటా నింపడానికి ఎప్పుడూ పట్టనంత సేపు తీసుకున్నాను. కావాలనే. ప్రతి వస్తువూ ముందు అతనికి చూపించి, పేరు చెప్పి, ఆ తర్వాత ముట్టుకున్నాను. పాత ప్రైమర్ టక్కున కింద పడినప్పుడు సార్జంటు వెనక్కి గెంతాడు. మందు డబ్బా మూత తీసి ముందు నేను వాసన చూశాను. కరెంటు పోయి ఏసీ ఆగినప్పటి నుంచి ఆ గది పొయ్యిలా ఉంది. వేడికి చెడిన మందు పుల్లటి ఘాటు కొడుతుంది, ఎర్రటి దుమ్ము రాలుతుంది. ఇది అలా లేదు. తూచి పోసి, బుల్లెట్ కూర్చోబెట్టి, పూర్తయిన తూటాను రెండు చేతులతో ఆయనకు అందించాను.

ఆయన దాన్ని అరచేతిలో దొర్లించి, మెత్తటి సీసపు ముక్కును గోటితో గీరి చూశాడు. పిస్టలు ఒరలో పెట్టేశాడు. "ఖంజీర్?" అని అడిగాడు. పంది అని. అవును సయ్యిదీ, ఖంజీర్ కోసమే అన్నాను. అప్పుడాయన మొహంలో వచ్చిన మార్పు నేను మరిచిపోలేదు. పరీక్ష పాసైన పిల్లవాడి మొహం అది.

తర్వాత తెలిసింది. ఆయనది ఇరాక్‌లో అమారా దగ్గర పల్లె. వాళ్ళ నాన్న వరి పండించేవాడు, పందులతో బాధపడేవాడు. ఇక్కడా అవే పందులు రాత్రుళ్ళు ఆయన కందకాల్లో దూరుతుంటే, కాపలావాళ్ళు శత్రువనుకుని కాల్పులు మొదలుపెట్టేవాళ్ళు. దళమంతా లేచి కూర్చునేది. పైఅధికారి ఇప్పటికే రెండుసార్లు చీవాట్లు పెట్టాడట. సైన్యం తూటాకి గట్టి రాగి తొడుగు ఉంటుంది, అది పంది ఒంట్లోంచి సూదిలా దూసుకుపోతుంది, దెబ్బతిన్న పంది ఇంకా కోపంగా తిరిగొస్తుంది. మెత్తని ముక్కున్న తూటా అయితే లోపల విచ్చుకుని అక్కడికక్కడే పడేస్తుంది. ఎవరి ఇంట్లోంచో తెచ్చిన ఒక వేట రైఫిల్ ఆయన దగ్గర ఉంది. దానికి తూటాలు లేవు. నా దగ్గర తూటాలున్నాయి, రైఫిల్ లేదు.

ఆ సాయంత్రమే రైఫిల్ తెప్పించాడు. థర్టీ నాట్ సిక్స్ కొలత తూటా పట్టేది. నా కేసులు దానికి సరిపోయేవే. కానీ వేడిలో ఉన్న మందును నమ్మి నేరుగా భుజానికి ఆనించడం నా పద్ధతి కాదు. రైఫిల్‌ని ఇసుక బస్తాల మధ్య కట్టి, ట్రిగ్గరుకు పొడవాటి తాడు కట్టి, అందరినీ గట్టు వెనక పడుకోబెట్టాను. ఇరాకీ సైనికులు, వాళ్ళ నఖీబ్, ఓబులేసు, అందరూ ఒకే వరసలో బోర్లా పడుకుని చెవులు మూసుకున్నారు. తాడు లాగాను. పేలింది. కేసు తీసి చూస్తే ప్రైమర్ చదును కాలేదు, మెడ చిట్లలేదు. అంటే ఒత్తిడి హద్దులోనే ఉంది. ఆ తర్వాత ఒక పండిపోయిన పుచ్చకాయను దూరంగా పెట్టి గురి కుదర్చాను. మూడో తూటాకి పుచ్చకాయ ఎర్రగా గాల్లోకి లేచింది. సైనికులు చప్పట్లు కొట్టారు. అంతకుముందు మమ్మల్ని గోడ వారగా కూర్చోబెట్టిన సార్జంటు అందరికంటే గట్టిగా కొట్టాడు.

మర్నాడు పొద్దు వాలే వేళకి ఖర్జూరపు చెట్ల వరస చివర కాపు కాశాం. రాలిన పళ్ళ కోసం పందులు అక్కడికే వస్తాయని ఓబులేసు చెప్పాడు. గాలి మా మొహం మీదికి వీస్తోంది, మా వాసన వాటికి పోదు. నఖీబ్ రైఫిల్ నా చేతికే ఇచ్చాడు. తాను పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను బాగుచేసిన తుపాకులు లెక్కలేనన్ని, ప్రాణి మీద గురిపెట్టింది మాత్రం అదే మొదటిసారి. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

మొదట ఆడపందులు వచ్చాయి. వాటి వెనక ఒక మగపంది. గేదెదూడంత ఉంది, మెడ మీది వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. భుజం వెనక గురిపెట్టి కాల్చాను. అక్కడే కూలిపోయింది. మంద చెదిరింది. నేను ఊపిరి వదిలి బోల్టు వెనక్కి లాగేలోగా, కుడిపక్క పొదలోంచి ఇంకో మగపంది నేరుగా మా మీదికే వచ్చింది.

పక్కన నీళ్ళ ట్యాంకరు ఆగి ఉంది. దానికి ఒకటే నిచ్చెన. నేనూ నఖీబూ ఒకేసారి ఆ నిచ్చెన మీద పడ్డాం. ఆయన బూటు నా భుజం మీద, నా మోచెయ్యి ఆయన పొట్టలో. "యల్లా, యల్లా!" అని తొందరపెడుతూ ఆయన అరుపు. పైకి ఎలా చేరామో తెలియదు. కింద పంది ట్యాంకరు చక్రాన్ని కోరలతో కుమ్ముతోంది. ఓబులేసు ఒక ఖర్జూరపు చెట్టు సగం దాకా ఎక్కేసి అక్కణ్ణుంచి, "అన్నా, కాల్చన్నా! చూస్తాండావేంది!" అని మొత్తుకుంటున్నాడు. నవ్వు ఆపుకుని గురిపెట్టడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పందిని పడగొట్టాను. నఖీబ్ ట్యాంకరు మీద చతికిలబడి, టోపీ తీసి, కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వాడు. ఆ నవ్వు విని అతని సైనికులు పరుగెత్తుకొచ్చి, పైన కూర్చున్న అధికారిని, చెట్టెక్కిన ఓబులేసుని చూసి వాళ్ళూ మొదలుపెట్టారు.

పంది మాంసం వాళ్ళ మతంలో నిషిద్ధం. చచ్చిన పందుల్ని ముట్టుకోవడానికి కూడా ఎవరూ ముందుకు రాలేదు. పూడ్చిపెట్టమని చెప్పబోతూ నఖీబ్ ఆగి, మీవాళ్ళు తింటారా అని నన్ను అడిగాడు. నేను ఓబులేసుకి తెలుగులో చెప్పాను.

"తింటారా అని అడుగుతాండాడా?" అన్నాడు ఓబులేసు, చెట్టు మీది నుంచి దిగుతూనే. "ఊర్లో అడివిపంది కూర అంటే పెండ్లి మాదిరి అన్నా. ఉప్పూకారం వుంటే చాలని చెప్పు."

పక్క తోటల్లోని మనవాళ్ళందరికీ కబురు పోయింది. ఆ మర్నాడు పగలు మా తోటలో వంట. మేరీ కొంగు బిగించి పెత్తనం అంతా చేతుల్లోకి తీసుకుంది. ముక్కలు చిన్నగా కొట్టలేదని ఓబులేసుని కసిరింది. మిరియాలు దొరకలేదు, తోటలో పచ్చిమిరపకాయలు కోసి రుబ్బింది. అరబ్బుల ఇంట్లో ఉండే ఎండు నిమ్మకాయలు చిదిపి పులుపు వేసింది. "మామా వంటింట్లో పంది కూర వండానంటే మామా నన్ను వదలదండీ," అని ఇంటి యజమానురాలిని తలుచుకుని బాధపడి, పొయ్యి బయట చెట్టు కింద రాళ్ళతో పెట్టించింది, ఇంటి గిన్నె ఒక్కటీ వాడలేదు. పాత నూనె డబ్బాలు తోమి వాటిలోనే వండింది. వారాల తరబడి గంజీ బెండకాయలూ తిన్న మనుషులు ఆ రోజు ఆకుల్లో కూర పెట్టుకుని, ఒకరినొకరు చూసుకుని ఊరికే నవ్వుకున్నారు. ఎవరో పాట ఎత్తుకున్నారు. యుద్ధం గోడ అవతల ఉంది, మేము ఇవతల ఉన్నాం అనిపించింది.

నఖీబ్ వాసన రాని వైపు చూసుకుని దూరంగా నిలబడ్డాడు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని. మేరీ ఆయన కోసం విడిగా, వేరే గిన్నెలో వంకాయ కూర చేసింది. "ఇది తినండి బాబూ, దీన్ని ఆ గరిటె ముట్టుకోలేదు," అని తెలుగులోనే చెప్పి చేతికిచ్చింది. ఆయనకు ఏం అర్థమైందో గానీ, పూర్తిగా తిన్నాడు.

ఆ తర్వాత ఇంకో రెండు సాయంత్రాలు వేటకి వెళ్ళాం. మంద వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. కందకాల్లో కాల్పులు ఆగిపోయాయి. సెప్టెంబరులో బస్రా మీదుగా జోర్డాన్‌కి, అక్కణ్ణుంచి విమానంలో ఇండియాకి దారి తెరుచుకుందని తెలిసినప్పుడు, నఖీబ్ తన ట్రక్కు ఇచ్చి చుట్టుపక్కల మనవాళ్ళందరినీ బస్రా బస్సుల దాకా పంపించాడు. తనిఖీ కేంద్రాల దగ్గర మమ్మల్ని ఆపకుండా ముందు సీట్లో ఆ సార్జంటుని కూర్చోబెట్టాడు. ఆ పై యుద్ధంలో వాళ్ళేమయ్యారో నాకు తెలియదు. ఎన్నిసార్లో అడగాలనిపించింది, అడగడానికి మనిషి దొరకలేదు.

ఊరికి వచ్చాక రిటైరయ్యేదాకా ఒక బ్యాంకు భద్రతా సిబ్బందికి తుపాకుల వాడకం నేర్పాను. కొత్తవాళ్ళకు మొదటి తరగతిలో చెప్పేది ఒకటే. ఆయుధం పట్టుకున్న మనిషి నీ చేతిలో ఉన్నది చూసి భయపడితే, అతనితో వాదించకు, బతిమాలకు. చేతులు కనబడేలా పెట్టు. ఆ వస్తువు పేరు చెప్పు. అది ఏం పని చేస్తుందో అతని కళ్ళ ముందు నిదానంగా చేసి చూపించు. భయం తగ్గేదాకా తొందరపడకు.