చెలమ నీళ్ళకొచ్చిన అత్త

శ్రీకాళహస్తిలో ఇల్లున్నవాళ్ళకి చుట్టాలకు కొదవ ఉండదు. రాహుకేతు పూజకని ఎవరో ఒకరు దిగుతూనే ఉంటారు. వాళ్ళని ఊరంతా తిప్పి చూపించడం నా పని, నా పిచ్చి కూడా. పుట్టిల్లూ మెట్టినిల్లూ ఈ ఊరే కదా, నోరు ఊరుకోదు. ఇదిగో కూలిపోతే మళ్ళీ కట్టిన గోపురం, అదిగో కొండ మీది గుడి, ఈ వీధిలో కలంకారీ వేస్తారు, ఆ బట్టలు ఉతికి ఆరేసింది మన స్వర్ణముఖిలోనే, మన ఏరు ఇక్కడ ఉత్తరానికి తిరిగి పారుతుంది, అందుకే అంత పుణ్యం. ఇట్లా గుక్క తిప్పుకోకుండా చెబుతాను. ఏట్లోకి మాత్రం ఎవరినీ దింపను. వంతెన మీద ఆటో ఆపకుండానే చెయ్యి చూపించి కానిచ్చేస్తాను.

మొన్న గూడూరు నుంచి మా చిన్నత్త వచ్చింది, నాయన చెల్లెలు. చేతిలో మూతున్న ఇత్తడి చెంబు. పూజకు కాదట.

“మీ పెద్దత్త మంచం పట్టింది పాపా. అన్నం మానేసింది. ఏం కావాలక్కా అంటే, మన ఏటి చెలమ నీళ్ళు గుక్కెడు తాగి పోతానంటాది. తీసకపోవాల, పద,” అంది.

అత్తలిద్దరూ ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగారు. అప్పట్లో ఎండాకాలం ఏటి ఇసుకను మోచేతి లోతు తవ్వితే నీళ్ళు ఊరేవి. ఆ గుంటే చెలమ. మొదట ఊరిన బురద నీళ్ళు తోడి పారబోసి, ఆ తర్వాత వచ్చే తేటనీళ్ళు కొబ్బరిచిప్పతో బిందెలో పోసుకునేవాళ్ళు. చిన్నప్పుడు పెద్దత్త వెంట నేనూ పోయాను. ఆ చల్లదనం ఏ ఫ్రిజ్జుకూ రాదు.

“ఇప్పుడు ఏరు బాగలేదత్తా. క్యాను నీళ్ళు పోసిస్తాను, పెద్దత్తకేం తెలుస్తుంది?” అన్నాను.

“సాల్లే. సావబోయేదానికి అబద్ధం తాపమంటావా?”

సిగ్గుపడి బయల్దేరాను.

వంతెన పక్కనుంచి కిందికి దిగాం. కంపచెట్లు, ప్లాస్టిక్ సంచులు, లారీ టైర్లు దిగబడిన గుంతలు, మధ్యలో ఊరి మురుగు. చిన్నత్త కొంగు దోపుకుని కూర్చుని తవ్వింది. వేలెడు ఇసుక కింద బంకమన్ను తగిలింది. ఇంకోచోట తవ్వింది. నల్లటి నీళ్ళు కంపు కొడుతూ ఊరాయి.

“ఇంత ఇసుక యాడికి పోయిందే?” అంది నావైపు తిరిగి.

ఇక నేను అందుకున్నాను. లారీల వాళ్ళని, వాళ్ళని మేపినవాళ్ళని, చూసీ చూడనట్టు పోయినవాళ్ళని, “దొంగనాయాళ్ళు, ఏరంతా నాకేసినారత్తా!” అని చెడామడా తిట్టాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. ఖాళీ చెంబుతో ఇంటికొచ్చాం.

కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయిన మనిషి ఎంతకీ రాలేదు. వెళ్ళి చూద్దును కదా, మెట్ల కింద కప్పిన పట్ట తీసి కూర్చుని ఉంది. మేం పైఅంతస్తు కట్టినప్పుడు మిగిలిన ఇసుక కుప్ప అది. ఇసుక బదులు రాతిపొడి చాలమ్మా అని మేస్త్రీ అంటున్నా వినకుండా, నాకు ఏటి ఇసుకే కావాలని పట్టుబట్టి తోలించుకున్నాను. ఎక్కడిదని అడగలేదు. తెలుసు కాబట్టే అడగలేదు.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆమె మొహం వెలిగిపోతోంది. అరచేతిలో ఇసుక, అందులో ఒక చిన్న నత్తగుల్ల.

“సూడు పాపా! మన ఏరు ఈడుండాది!”

ఇసుకను గుడ్డలో మూటగట్టి, దాని మీద నా క్యాను నీళ్ళే పోయించింది. “ఏటిసుకలో దిగితే ఏటి నీళ్ళే,” అంది. మొదటి నీళ్ళు పారబోసింది, చెలమ దగ్గర చేసినట్టే. తర్వాతివి చెంబులో పట్టుకుని బస్సెక్కింది.

మర్నాడు ఫోను చేసింది. పెద్దత్త రెండు గుక్కలు తాగిందట. మన ఏటివే అందట. యాడ తవ్వినారే అని అడిగితే, పాప ఇంటి వెనక అక్కా అని చెప్పిందట. ఆ పైన ఫోను పెద్దత్త నోటి దగ్గర పెట్టింది. గొంతు పీలగా వినబడింది.

“ఏరు నీ ఇంటికాడికే వచ్చిందంటనే! అదృష్టవంతురాలివే పాపా. అడిగినోళ్ళకంతా నీళ్ళు పొయ్యి.”

ఊఁ అన్నాను. ఆ ఇసుకతో కట్టిన పైఅంతస్తు గోడకు ఆనుకుని మాట్లాడుతున్నదాన్ని, పక్కకు జరిగాను.