బావ కోసం నడిచిన తీరం

మా మేడ మీద వాటాలో అద్దెకుంటున్న కొత్త దంపతులు మొన్న అండమాన్ వెళ్ళి వచ్చారు. ఆ అమ్మాయి గవ్వల దండ ఒకటి తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టి, నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ఫోనులో ఫోటోలు ఒక్కొక్కటే వేలితో జరుపుతూ చూపించింది. తెల్లటి ఇసుక, నీళ్ళ మీదికి వాలిన చెట్లు, మబ్బు కప్పుకున్న కొండ, సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో మాత్రమే తేలే ఇసుక దారితో కలిసిన జంట దీవులు. పోర్ట్ బ్లెయిర్ దగ్గరే ఆగిపోకుండా ఉత్తరపు దీవి దాకా వెళ్ళారట. "బాబాయ్ గారూ, మీరు వయసులో ఉన్నప్పుడు అక్కడే ఉన్నారంట గదా, ఇవన్నీ చూశారా?" అని అడిగింది. "అన్నీ చూశానమ్మా" అన్నాను. కొత్త కాపురం పిల్ల, నవ్వు మొహంతో కూర్చుంది, అంతకు మించి చెప్పబుద్ధి కాలేదు. ఆమెకు చెప్పనిది ఇక్కడ చెప్పుకుంటున్నాను, నా వయసు వాళ్ళు చదువుతారనే ధైర్యంతో.

మాది గురజాల దగ్గర పల్లె. నేను డిగ్రీ పూర్తి చేసిన ఏడాది వానలు మొహం చాటేశాయి. మిరప తోటలు నిలువునా ఎండి, నాపరాళ్ళ మీద ఎండ కాగి, ఊళ్ళో పచ్చగా కనపడేది కంపచెట్టు ఒక్కటే అయింది. ఉద్యోగం లేదు, సేద్యం లేదు. అప్పటికి మా అక్క కాపురం అండమాన్లో ఉత్తరపు దీవిలో ఉండేది. బావది నకరికల్లు, అక్కడ కలప డిపోలో పని. "ఇక్కడికి పంపండి, ఏదో ఒక పనిలో పెడతాను" అని ఆయన రాస్తే, నడికుడిలో రైలెక్కి గుంటూరు మీదుగా మద్రాసు చేరి, ఓడలో కడుపులోని పేగులన్నీ కక్కుకుంటూ పోర్ట్ బ్లెయిర్, అక్కణ్ణించి మరో చిన్న ఓడలో ఆ దీవి చేరాను. చుక్క నీటికి మొహం వాచిన ఊరి నుంచి వెళ్ళిన నాకు, ఆకుల మీది నుంచి ఎప్పుడూ నీళ్ళు కారుతూ ఉండే ఆ అడవిని చూస్తే మొదట కోపం వచ్చింది. మనకు రావలసిన వానంతా ఇక్కడ ఎవరికీ అక్కర లేకుండా కురుస్తోందే అనిపించింది.

బావ నవ్వు మొహం మనిషి, నోటి నిండా కబుర్లు. డిపోలో లెక్కలు రాసే పనిలో నన్ను పెట్టించాడు. ఏనుగులు అడవిలోంచి దుంగల్ని లాక్కొచ్చి కయ్యల్లోకి, అంటే అడవిలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల్లోకి, నెడితే, వాటిని తెప్పలుగా కట్టి సముద్రం మీద ఓడ దాకా తీసుకెళ్ళేవారు. తెప్ప తెగి దుంగలు కొట్టుకుపోతే వెతికి తేవడం బావ పనిలో భాగం. అందువల్ల ఆయనకు తీరమంతా పరిచయం. ఊరికి ఉత్తరాన ఏమున్నదీ, కొండ దాటితే ఏ పల్లె వస్తుందీ అన్నం తింటూ వర్ణించేవాడు. వానలు తగ్గాక మా ఇద్దరినీ తిప్పి చూపిస్తానన్నాడు. అక్క మాత్రం, "ఏంది చూసేది, అన్నీ చెట్లూ నీళ్ళేగా" అనేది. అంటూనే, ఎక్కడెక్కడికి వెళ్ళాలో ఆయన చేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేది.

వానాకాలం మొదట్లో ఒక తెప్ప తెగింది. బావ, ఇంకో ఇద్దరు పనివాళ్ళు డింగీ పడవలో వెళ్ళారు. మధ్యాహ్నానికి గాలి లేచింది. ఆ గాలి ఎలాంటిదో ఆ సముద్రం దగ్గర బతికిన వాళ్ళకే తెలుస్తుంది, ఆకాశానికీ నీళ్ళకీ మధ్య గీత చెరిగిపోతుంది. మర్నాడు ఆ ఇద్దరినీ చేపల పడవ వాళ్ళు ఒక రాతిగుట్ట మీద నుంచి దించి తెచ్చారు. పడవ తిరగబడిందని, బావ కాసేపు చెక్క పట్టుకుని ఉండడం చూశామని, తరవాత కనపడలేదని చెప్పారు. ఆఫీసు వాళ్ళు లాంచీ తిప్పారు, కొన్నాళ్ళకు ఆపేశారు. వాళ్ళనీ అనడానికి లేదు, ఆ సముద్రంలో ఎక్కడని వెతుకుతారు.

అక్క ఏడవలేదు. చెంగు బొడ్లో దోపుకుని, సంచిలో రెండు చీరలు, కాసిని అటుకులు పెట్టుకుని, "పద తమ్ముడూ, మనం చూద్దాం" అంది. మా వీధిలోనే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ జాలరి పెద్దాయన ఒకడుండేవాడు, అక్క ఆయన్ని బాబాయ్ అని పిలిచేది. మడ అడవుల్లో మొసళ్ళుండే కయ్యలు అడ్డం వచ్చిన చోట ఆయన చిన్న పడవలో దాటించాడు, మిగతాదంతా మేం నడిచాం. ఆ అమ్మాయి ఫోనులో చూపించిన ప్రతి చోటూ నేను చూసింది ఆ నడకలోనే.

ఇంత అందం అంత దుఃఖానికి ఎలా అంటుకుని ఉంటుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పొద్దున్నే ఇసుక మీద తాబేళ్ళు గుడ్లు పెట్టి సముద్రంలోకి తిరిగి వెళ్ళిన జాడలు, ఎవరో నాగలితో దున్నినట్టు. అక్క ఆ జాడలు చూసి, మనిషి ఈడ్చుకుంటూ పాకి వచ్చాడేమోనని వాటి వెంట చెట్లలోకి పరుగెత్తింది. జంట దీవుల మధ్య ఇసుక దారి తేలిన వేళ చివరన ఏదో నల్లగా కనబడితే, చీర మోకాళ్ళ పైకి పట్టుకుని, రెండు పక్కలా పచ్చటి నీళ్ళ నడుమ ఆ దారంతా పరుగెత్తింది. నేను వెనకాల చేరుకునేసరికి ఒక దుంగ మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. దుంగ మీద మా డిపో ముద్ర ఉంది. ఆ దుంగ కోసమే బావ వెళ్ళాడని ఇద్దరికీ తెలుసు.

ఎక్కడెక్కడి మనుషులో ఉండేవారు ఆ పల్లెల్లో. తూర్పు బెంగాల్ వదిలి వచ్చినవాళ్ళు, రాంచీ వైపు నుంచి అడవి పనికి వచ్చినవాళ్ళు. అందరూ ఒక ఊరు పోగొట్టుకున్నవాళ్ళే కాబట్టి కాబోలు, మేం వచ్చిన పని చెప్పగానే ఎవరూ రెండో ప్రశ్న వేసేవారు కాదు. ఇంటి ముందు చాప పరిచి అన్నం పెట్టేవారు. అక్క చేపల వాసనకే ముక్కు మూసుకునే మనిషి, ఆ రోజుల్లో ఏం పెడితే అది తినేది, నడవడానికి ఓపిక కావాలి గనుక.

చివరికి ఒక బెంగాలీ పల్లెలో, మేం చెప్పక ముందే ఆ ఊరి పెద్ద మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. రెండు రోజుల కిందట సముద్రం ఒక మనిషిని తెచ్చి పడేసిందట. పోలీసులు వచ్చి రాసుకుని, ఎవరూ రాకపోతే దహనం చేసెయ్యమని చెప్పి వెళ్ళారట. ఒడ్డున తాటాకు పాకలో ఉంచారు. జాలరి బాబాయ్ నన్ను పక్కకు లాగి, "ఆడపిల్లని సూడనీకు బాబూ" అన్నాడు. అక్క అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది.

మొహం చూసి చెప్పడానికేమీ లేదు. బట్టలూ లేవు. నేను కాళ్ళ వైపు నిలబడ్డాను. బావ ఎడమ కాలికి చిటికెన వేలు లేదు, పెళ్ళికి ముందు నకరికల్లులో నాపరాళ్ళు దించుతుంటే బండ పడి తెగిపోయింది. ఆ కాలికీ వేలు లేదు. నేను తలెత్తి అక్క వైపు చూశాను. ఆవిడ కూడా ఆ కాలి వైపే చూస్తోంది. ఊరి పెద్ద హిందీలో, మీ మనిషేనా అని మెల్లగా అడిగాడు.

"కాదు" అంది అక్క. నా వైపు తిరిగి, "మీ బావ కాదురా. చెప్పు వాళ్ళకి" అంది.

చెప్పాను. ఆవిడ మాటకు పైన నా మాట లేదు ఆ చోట.

బయటికి వచ్చి ఇసుకలో కాసేపు కూర్చుంది. తరవాత లేచి, "ఎవరైతే ఏంది, అయినవాళ్ళు లేని మనిషి. మనం ఉండి సాగనంపి పోదాం. నువ్వు నిప్పు పెట్టు" అంది. ఊళ్ళో వాళ్ళు కట్టెలు పేర్చారు. తడిసిన కట్టె, అంటుకోవడానికి చాలాసేపు పట్టింది. నేను తల మీద గుడ్డ వేసుకుని నిప్పు పెడుతుంటే అక్క దూరంగా నీళ్ళ అంచున నిలబడి చూసింది. అంతా అయ్యాక చీరతోనే సముద్రంలో మునిగి వచ్చి, సంచిలోంచి కుంకుమ పొట్లం తీసి, అద్దం లేకుండా, వేలితో తడుముకుంటూ బొట్టు పెట్టుకుంది.

నాన్న ఓడెక్కి వచ్చాడు, ఇంటికి తీసుకుపోదామని. "మనిషి దొరకంది ఏమని తీసుకుపోతావు నాన్నా? ఆయనొస్తే తాళమేసిన ఇంటిని చూడాలా?" అంది అక్క. నాన్న నా వైపు చూశాడు. నేను సముద్రం వైపు చూశాను. ఆయన ఒక్కడే తిరిగి వెళ్ళాడు. కొన్నాళ్ళకు మన వైపు నాకు ఉద్యోగం వచ్చి నేనూ వచ్చేశాను. అక్క కుట్టు మిషను కొనుక్కుని, ఆ దీవిలో ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుడుతూ అక్కడే ఉండిపోయింది. నకరికల్లు బంధువులు ఏవేవో అన్నారు. మొగుడు పోయినా బొట్టు తీయలేదన్నారు, ఆ మొగుడు దీన్ని భరించలేకే పారిపోయుంటాడని కూడా అన్నారు. అవన్నీ ఆవిడ చెవిన పడ్డాయి.

ముసలితనంలో కంటి ఆపరేషన్‌కని నరసరావుపేట వచ్చి మా ఇంట్లో ఉంది. ఒక మధ్యాహ్నం వరండాలో ఇద్దరం ఎండు మిరపకాయలకు తొడిమలు తీస్తూ కూర్చున్నాం. తలెత్తకుండానే, "ఆ కాలు మీ బావదేరా" అంది.

"తెలుసక్కా. మరెందుకు కాదన్నావు?"

"అవునంటే ఆ పూటే గాజులు పగలగొట్టేవాళ్ళు. ఊరికి తీసుకొచ్చి ఆ నకరికల్లు ఇంట్లో మూల కూచోబెట్టేవాళ్ళు. మా మామ పోయాక మా అత్తను అట్టా కూచోబెట్టిన చోటు రోజూ ఊడ్చింది నేనేగా." కాయలు రెండు తీసి గిన్నెలో వేసి, మళ్ళీ అంది. "అదొకటే కాదులే. నేను కాదంటే కాకుండా పోద్దేమో అనిపించింది, ఒక్క నిమిషం. ఆ నిమిషాన్ని పట్టుకునే ఇన్నేళ్ళూ లాక్కొచ్చా. చానా బరువురా అది."

మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. కళ్ళు బాగయ్యాక దీవికి వెళ్ళిపోయింది, అక్కడే పోయింది. నేను చేరుకునేసరికి ఇరుగుపొరుగు బెంగాలీ ఆడవాళ్ళే పసుపు రాసి, బొట్టు పెట్టి, ముత్తైదువలాగా సాగనంపేశారు.

ఇప్పుడు ఆ దీవికి వెళ్ళడం అంత కష్టం కాదంటున్నారు. మా వీధిలో భర్త పోయిన ఆడవాళ్ళు బొట్టు పెట్టుకుని, స్కూటీ మీద ఉద్యోగాలకు వెళ్ళి వస్తుంటే నోరెత్తే వాళ్ళు తక్కువ. ఇప్పుడైతే మా అక్కకు ఆ అబద్ధంతో పని ఉండేది కాదేమో. అయితే ఇప్పుడు అది చెల్లేదీ కాదు, ఒక ఎముక ముక్క పరీక్ష చేసి, ఫలానా మనిషని కాగితం చేతిలో పెడతారు. ఒడ్డున నిలబడి ఒక ఆడది కాదు అంటే కాదని ఊరంతా తల ఊపి ఊరుకున్న కాలం అది. మంచి కాలమని నేననలేను. బావ కాలిన చోటు తెలిసినవాళ్ళం ఇద్దరం ఉండేవాళ్ళం, ఇప్పుడు నేనొక్కణ్ణే ఉన్నాను.