చింతపండుతో తోమిన రాగి రేకు

ఆయుధపూజ నాడు కడపలో మా చెల్లెలి ల్యాబ్‌కు వెళ్లేసరికి బల్ల మీద రాగి రేకు తళతళలాడుతోంది. నడుమ కుంకుమ బొట్టు. పక్కన అటెండరమ్మ చేతులు తుడుచుకుంటోంది.

"శానా మసి పట్టిండాది మేడమ్. చింతపండేసి తోమినా," అంది.

చెల్లెలు రేకును అంచులు పట్టి ఎత్తింది. రెండు వైపులా తిప్పి చూసింది. "బాగా తోమినావులేమ్మా," అని మళ్లీ బల్ల మీద పెట్టింది.

చెల్లెలు కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. తన పీహెచ్‌డీ ప్రయోగమంతా ఆ రేకు మీదే. కెమెరా ఫ్లాష్ ఒక్కసారి వెలిగిస్తే పలుచని రేకు వేడెక్కి, రెప్పపాటులో చల్లారుతుంది. థర్మామీటర్ ఆనించే లోపే అంతా అయిపోతుంది. అందుకే తాకకుండా, రేకు నుంచి వచ్చే పరారుణ కిరణాలను బట్టి వేడిని పసిగట్టే సెన్సర్‌ను ఎదురుగా పెట్టేది. అయితే మెరిసే రాగిని ఆ సెన్సర్ నమ్మలేదు. అది తన వేడిని దాచుకుని, గదిలోని వేడిని అద్దంలా తిప్పి చూపిస్తుంది. నల్లగా ఉంటేనే నిజం చెబుతుంది.

ఆ నలుపు చెల్లెలి భర్త, మా మరిది, పట్టించినదే. కర్నూలులో మా ఇంటి వసారాలో కూర్చుని, కిరోసిన్ బుడ్డి మీద రేకును అటూ ఇటూ ఆడిస్తూ ఒక పూటంతా గడిపాడు. నేను పేపర్ మనిషిని కదా, మధ్యలో నన్నూ వదల్లేదు. "నువ్వు రాసేది సాయంత్రానికి చల్లారిపోతాది బావా. మాది అంతసేపు గూడా ఆగదు."

ఆ మరుసటి ఎండాకాలం గుండెపోటుతో పోయాడు. అప్పటికి రీడింగులు ముప్పాతిక వంతు అయ్యాయి. పాతవాటితో పోల్చాలంటే మిగిలినవీ ఆ మసి మీదే తీయాలి. వచ్చే వేసవిలోగా థీసిస్ ఇవ్వాలి.

అటెండరమ్మది బద్వేలు వైపు పల్లె. ఇంట్లో రాగి చెంబును ఎట్లా చూసుకుంటుందో దీన్నీ అట్లాగే చూసుకుంది. ఆమె పెట్టిన బొరుగులూ బెల్లమూ ఇద్దరం తిన్నాం. జరిగింది ఆమెకు ఎప్పటికీ చెప్పొద్దని దారిలో చెల్లెలు అంది.

తర్వాత నేనే బుడ్డి వెలిగించి, మరిది చేసినట్టే ఆడించాను. రేకు నల్లబడింది గానీ, గ్రాఫులో కొత్త రీడింగుల గీత పాత గీత మీద కూర్చోలేదు. మసి మందంలో తేడా అంది చెల్లెలు. మూడుసార్లు తుడిచి మళ్లీ పట్టించాం. మూడు గీతలూ మూడు రకాలు.

గడువు పొడిగించమని చెల్లెలు అర్జీ పెట్టింది. చివరి అధ్యాయం అక్కడే ఆగి ఉంది. ఆ రోజు వసారాలో మసి ఎంత మందం పట్టిందో మరిది ఏ నోటుబుక్కులోనూ రాసిపెట్టలేదు.