ఒకే ఆర్డరు, మూడు షెడ్లు

ఇరవై రెండేళ్లుగా అట్టపెట్టెలాయన రేకుల షెడ్డులో ఒకే మిషన్ మీద పెట్టెలు కోసి, మడిచి, అంటించి బిస్కెట్ల ఫ్యాక్టరీకి పంపేవాడు. ఆ ఏడాది అన్నిటి ధరలూ ఎగబాకాయి. ఇక కాగితం దొరకదన్న పుకారు పుట్టింది. నెలకి పదివేల పెట్టెలడిగే ఫ్యాక్టరీ ముప్పై వేలు అడిగింది. ఆయన రెండో మిషన్ దింపాడు. దాన్ని చూసుకోవడానికి భార్య చేత పదిహేడేళ్ల బడి గుమాస్తా ఉద్యోగం మాన్పించాడు. కష్టానికి ఫలితం దక్కిందని చుట్టాలు మెచ్చుకున్నారు. కష్టం ఎప్పుడూ ఉన్నంతే ఉంది, పెరిగింది భయం. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

ఓ మధ్యాహ్నం జిగురు అయిపోయి, పక్కవీధిలో అదే వ్యాపారం చేసే బావమరిది దగ్గరకి బదులుకి వెళ్లాడు. లోపల కప్పుదాకా పెట్టెలు. ప్రతిదాని మీదా అదే బిస్కెట్ బొమ్మ.

"ఇవెవరివిరా?"

"ఇంకెవరివి బావా, వాళ్లవే. ముప్పై వేలు. వారమైంది, ఫోనెత్తడం లేదు."

"నీకూ ముప్పై వేలేనా?"

"రైలు పట్టాల అవతల పెట్టెలు చేసే ముసలాయనకీ అంతేనట, ఇందాకే తెలిసింది. చెబితే నువ్వెగరేసుకుపోతావని నేను నోరు మూసుకున్నా. నువ్వేమన్నా తక్కువ తిన్నావా?"

ఫ్యాక్టరీకి కావలసింది మొత్తం ముప్పై వేలే. ఎవరో ఒకరు చేతులెత్తేస్తారన్న భయంతో ముగ్గురికీ చెప్పింది. ముగ్గురూ దాన్ని గిరాకీ అనుకున్నారు. ఈలోగా రేటు పెరిగిన బిస్కెట్లు కొనేవాళ్లు తగ్గారు, ఫ్యాక్టరీకి ఆ ముప్పై వేలూ అక్కర్లేకుండా పోయాయి.

ఆయన జిగురు డబ్బా అక్కడే మరచి షెడ్డుకొచ్చాడు. భార్య రెండో మిషన్ తుడుస్తోంది. అంతా విని స్టూలు మీద కూలబడింది.

"ముంచాడే బిస్కెట్లవాడు," అన్నాడాయన.

"మరి మనం కాగితానికి ఎన్ని మిల్లులకి చెప్పాం?"

ఒకటి ఎగ్గొట్టినా ఇంకొకటి ఇస్తుందని మూడింటికీ పూర్తి లోడు చెప్పింది ఆయనే.

"పొద్దున మూడు మిల్లులనుంచీ ఫోన్లొచ్చాయి," అంది ఆవిడ నెమ్మదిగా. "లారీలు బయల్దేరాయట. కాగితం దొరికిందని నేనే సంబరపడ్డాను."

గేటు దగ్గర హారన్ మోగింది. రెండోసారి మోగాక ఆవిడ గుడ్డ మిషన్ మీద పడేసి లేచింది.

"మీరెళ్లి వాళ్లతో మాట్లాడండి. నేను బడికెళ్లి, నా కుర్చీలో ఎవరైనా కూర్చున్నారేమో చూసొస్తా."