కరిగిన ఉక్కు ఎటు పారింది

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో గౌలిపురలో మేడమీద ఒంటిగది అద్దెకు తీసుకున్నాను. మాది కోస్తా. నగరంలో నాకంటూ ఎవరూ లేరు. పగలంతా ప్రయోగశాలలో లేజర్ యంత్రం ముందు ఒక్కదాన్నే ఉండేదాన్ని. కిరణం కింద ఉక్కు పొడి కరిగి, మిల్లీమీటరు వెడల్పున చిన్న మడుగవుతుంది. కిరణం ముందుకు జరగ్గానే గడ్డకడుతుంది. అలా పొర మీద పొర వేసి వస్తువును నిలబెట్టడం మా పని. ఆ మడుగును కెమెరా తెర మీద చూస్తూ, సాయంత్రం దాకా ఎవరితోనూ ఒక్క మాటైనా ఆడని రోజులుండేవి.

ఒక వేసవిలో పొరలు ఊడిరావడం మొదలైంది. మడుగు లోతుకు దిగకుండా పక్కలకు పరుచుకుంటోంది. కటకం తుడిచాను, లేజర్ శక్తి కొలిచాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"ఎక్కడో నువ్వే పొరబడుతున్నావు" అన్నారు మా పై అధికారి. మూడు వారాలు గడిచేసరికి నేనూ అదే నమ్మాను.

కింది వాటాలో ఒక ముసలాయన ఒంటరిగా ఉండేవాడు. పాత వెల్డరు. చూపు బాగా తగ్గింది, మెట్ల మీద అడుగుల చప్పుడును బట్టి నన్ను గుర్తుపట్టేవాడు.

"ఏంది బిడ్డా, కాళ్లీడ్సుకుంట వస్తున్నవ్?"

మెట్టు మీద కూర్చుని జరిగిందంతా చెప్పాను.

"పొడి డబ్బా మారిందా?" అన్నాడు.

"మారింది. కానీ అదే రకం ఉక్కు, బాబాయ్ గారూ."

"పేరొకటే ఉంటది. స్టీలు పైపులు అతికేటప్పుడు సూసిన. గదే కరెంటు, గదే చెయ్యి. ఒకదాంట్ల లోపల్కి దిగుతది, ఇంకోదాంట్ల పైపైన్నే పారుతది. ఎందుకో ఎవ్వలు చెప్పలే."

రెండు పొడులనూ పరీక్షకు పంపాను. కొత్తదాంట్లో గంధకం బాగా తక్కువ. పాతదాంట్లో ఉన్న ఆ లేశం గంధకమే కరిగిన ఉక్కును అంచుల నుంచి మధ్యకు మళ్లించి, వేడిని లోతుకు దింపేది. అది లేక ఇప్పుడు మధ్య నుంచి అంచులకు పారుతోంది.

ఫలితం అందిన రోజు పెందలాడే ఇంటికి వచ్చి ముసలాయనకు ఆ కాగితం చదివి వినిపించాను.

"నేనతికిన పైపులు కారినయని పన్లకెళ్లి తీసేసిన్రు. చెయ్యి ఖరాబైందన్నరు. నేను గూడ గట్లనే అనుకున్న."

"మీ పైపుల్లోనూ ఇదే జరిగిందని నేను చెప్పలేను, బాబాయ్ గారూ. జరిగి ఉండొచ్చు."

"మళ్లొక్కసారి సదువు."

చదివాను. అప్పుడు పనిలోంచి తీసేసిన మేస్త్రీ ఇప్పుడెక్కడున్నాడని అడిగాను.

"ఎవ్వలున్నరు బిడ్డా ఇప్పుడు? మా ఇంటామె ఉంటే జెప్తుంటి."

పైకి వెళ్లి రెండు గ్లాసుల టీ కలిపి తెచ్చాను. తాగుతూ అలాగే కూర్చున్నాం.

మర్నాడు మా అధికారి నేను రాసిన నివేదిక మీద సంతకం చేసి, తరవాతి పని చెప్పారు. ఆ చలికాలంలోనే నన్ను వేరే ఊరికి మార్చారు. బయల్దేరిన మధ్యాహ్నం కింద ముసలాయన తలుపు తెరిచే ఉంది. మంచం మీద నిద్రపోతున్నాడు. ఆటో బయట ఆగి ఉందని లేపకుండా వెళ్లిపోయాను. లేపి ఉండాల్సింది.