మూడు సూదులు

ఆ మంగళవారం రేణుకమ్మకు కాలు ఒకచోట నిలవలేదు. శంషాబాద్ బస్టాండు వెనక, తను పనిచేసే ఆరోగ్య సంస్థవాళ్లు పెట్టిన రక్తపరీక్షల శిబిరానికి ఇరవైరెండు మందిని తనే బతిమాలి తెచ్చింది. అందరూ ఒళ్లమ్ముకుని బతికే ఆడవాళ్లు. ఒకప్పుడు ఆమెదీ అదే బతుకు. అయిదుగురికి సిఫిలిస్ ఉందని తేలింది. నలుగురు అక్కడే మొదటి సూది వేయించుకున్నారు. అయిదో మనిషి జెరూషా, ఆరు నెలల గర్భిణి. ఫలితం చెప్పకముందే వెళ్లిపోయింది. ఫోను కలవలేదు.

పన్నెండేళ్ల కిందట రేణుకమ్మ కూడా కడుపుతో ఉన్నప్పుడు ఇలాగే ఫలితం వినకుండా తప్పించుకుంది. నొప్పి లేదు, పుండు లేదు, జబ్బెక్కడిది అనుకుంది. ఎనిమిదో నెలలో ఊపిరి లేని బిడ్డను కన్నాక గానీ సంగతి తెలియలేదు.

పహాడీ షరీఫ్‌లో జెరూషా గదికి తాళం వేసి ఉంది. జల్‌పల్లిలో పెద్దమ్మ ఉందని పక్కింటామె చెప్పింది. అక్కడ చర్చి సందులో మూడిళ్లు అడిగితే నాలుగో ఇంటి ముందు దొరికింది, బట్టలు ఉతుకుతూ. రేణుకమ్మను చూడగానే మొహం పాలిపోయింది. చెయ్యి పట్టుకుని నీళ్ల ట్యాంకు చాటుకు లాక్కెళ్లింది.

"గిక్కడికెందుకొచ్చినవక్కా? నేను ఎయిర్‌పోర్టుల సాఫ్ జేసే పనికి పోతున్న అనుకుంటుంది మా పెద్దమ్మ."

"నేనేం చెప్ప. నీ రక్తంల జబ్బున్నది. వారానికొకటి మూడు సూదులేస్తే పోతది. ఎయ్యకుంటే కడుపులున్న బిడ్డకు ఎక్కుతది."

"నాకేం నొప్పి లేదు గదా."

"నాకు గూడ లేకుండె," అంది రేణుకమ్మ. "బిడ్డ దక్కలే."

జెరూషా మెల్లగా అంది: "పోయినసారి దవాఖానల, 'గా పని చేసేటామె ఏది' అని అందరి ముంగట పిలిచిన్రు. మల్ల గా గడప తొక్కబుద్ధి గాలే."

"ఈసారి నేను పక్కనే కూసుంట. ఎవరన్న నోరు జారితే నాతోని మాట్లాడాలె."

మొదటి సూది ఆ సాయంత్రమే ఆసుపత్రిలో పడింది. మరుసటి వారం రెండోది. మూడో మంగళవారం పదకొండైనా జెరూషా జాడ లేదు. రేణుకమ్మ ఆసుపత్రి గేటు దాకా పోతూ వస్తూ ఉంది. పన్నెండు దాటాక ఆటో ఆగింది. జెరూషా వెనకే పెద్దమ్మ కూడా దిగింది.

"రక్తం తక్కువుంటే సూదులేస్తున్నరని పెద్దమ్మకు చెప్పిన," అని చెవిలో గొణిగింది జెరూషా.

మూడో సూదీ పడింది. ఎండాకాలంలో ఆడపిల్ల పుట్టింది, గట్టిగా ఏడ్చింది. బిడ్డకు ప్రస్తుతానికి భయం లేదనీ, మూడు నెలలకు మళ్లీ రక్తం పరీక్షించాలనీ డాక్టరమ్మ చెప్పింది. రేణుకమ్మ పసిదాన్ని ఎత్తుకుంది. వెంటనే తల్లి ఒడిలో పెట్టేసి, మళ్లీ రావలసిన తారీఖు జెరూషా చేత రెండుసార్లు చెప్పించుకుంది.