గుండు దిబ్బ పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. కబురు తెచ్చినాయన మొదట నా ఎడమ పక్కన నిలబడి చెప్పాడు. నా ఎడమ చెవి పనిచేయదు. బోధన్ బస్టాండులో బస్సుల రొద, చెరుకు బండ్లవాళ్ల కేకలు. ఆయన పెదాలు కదులుతున్నాయి, నేనేమో నవ్వుతూ తలూపుతున్నాను. ఆయన నన్ను వింతగా చూసి, ఇటు తిరిగి వచ్చి కుడి చెవి దగ్గర మళ్లీ చెప్పాడు.

"మీ చేపల పెద్దమ్మ పోయిందమ్మా. పొద్దుగాల గంప ఎత్తుకోబోయి గట్లనే కూలబడ్డదట."

నేను అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను. ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది.

నా చెవి సంగతి, పెద్దమ్మ సంగతి ఒకటే సంగతి. అందుకే రెండూ కలిపి రాస్తున్నాను. ఇందులో దెబ్బలున్నాయి, నెత్తురుంది. తిట్లు కూడా ఉండేవి, అవి తీసేశాను. పోయినవాళ్ల గురించి ఇలాగేనా రాసేది అని కొందరికి అనిపించవచ్చు. కానీ పెద్దమ్మ గురించి మెత్తమెత్తగా రాస్తే, ఆమె పాడె మీంచి లేచి కూర్చుని "ఎవల గురించి రాస్తున్నవే?" అని అడిగే మనిషి. ఇవన్నీ రాస్తానని మా ఆయనకు ముందే చెప్పాను. కాసేపు గోడకేసి చూసి "రాయ్" అన్నాడు.

ఆమె నాకు చుట్టం కాదు. మా వెనక సందులో ఒంటరిగా ఉండేది. రెంజల్ అవతల, గోదావరి ఒడ్డున పుట్టిన బెస్త మనిషి. ఆ నదిని మా వైపు గంగ అనే అంటారు. ఆమె ఎడమ భుజం కుడి భుజం కన్నా కిందికి జారి ఉండేది. పుట్టి అనే గుండ్రటి బుట్టపడవను నడిపే గెడతో ఆమె మొగుడు కొట్టిన దెబ్బ అది. అతను జ్వరంతో ఎప్పుడో పోయాడు గానీ, భుజం మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ వంకర భుజం మీదనే గంప మోసుకుని బోధన్ అంతా చేపలమ్మేది. బేరమాడినవాళ్లను తెలుగులో కొంత, మరాఠీలో కొంత తిట్టేది.

నేను నిజామాబాద్ పట్నంలో పుట్టాను. చేదబావి నీళ్లు తప్ప వేరే నీళ్లు ఎరగను. పెళ్లయి బోధన్ వచ్చాను. మా ఆయన చక్కెర ఫ్యాక్టరీ యార్డులో చెరుకు దించే జట్టుకు పెద్ద. ఆయన పుట్టిన ఊళ్లో హోలీనాటి సాయంత్రం పిడిగుద్దులాట ఆడతారు. మధ్యలో తాడు కడతారు, ఊరు రెండుగా చీలి చెరో వైపు నిలబడుతుంది. డప్పు మోగగానే ఒక చేత్తో తాడు పట్టుకుని ఇంకో చేత్తో గుద్దుకుంటారు. డప్పు ఆగిందంటే ఎత్తిన చేయి దించాల్సిందే. తర్వాత కాముణ్ణి కాల్చిన బూడిద ఒకరి దెబ్బలకు ఒకరు పూసుకుని, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ చేసుకుని ఇళ్లకు పోతారు. ఆ ఆటలో మా ఆయనకు ఎదురు నిలిచినవాడు లేడు. పెళ్లిచూపుల్లో అదొక గొప్పగా మా నాన్నకు చెప్పారు.

ఇంట్లో మాత్రం డప్పు లేదు. కూరలో ఉప్పెక్కువైతే దెబ్బ, తక్కువైతే దెబ్బ. ఒక హోలీ మర్నాడు, ఇంకా బూడిద కడుక్కోని చేత్తో ఎడమ చెంప మీద కొట్టాడు. చెవిలో ఏదో పటుక్కుమంది. నెత్తురు మెడ మీదికి కారింది. పక్కవాళ్లు తలుపులు వేసుకున్నారు. ఒక్క పెద్దమ్మ మాత్రం గంపతో సహా లోపలికి వచ్చి, నా వైపు కాకుండా ఆయన వైపు చూసింది.

"ఏం కొడుకా, తాడేది?"

"ఏం తాడు?"

"మీ ఊళ్ల తాడు గట్టి గద గుద్దుకునేది? తాడేది? డప్పేది? ఆపేటోడేడి? గివేం లేకుండ గుద్దితే గదేం ఆట?"

ఆయన ఆమె గంపను పట్టి సందులోకి విసిరేశాడు. చేపలన్నీ మట్టిలో పడ్డాయి. ఆమె ఒక్కొక్కటే ఏరి, మా బావి దగ్గరే కడుక్కుని, అమ్ముకోవడానికి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే మళ్లీ వచ్చి నాతో అంది: "బట్టలు మూట గట్టు. కాల్వకు పోదాం."

బట్టలుతకడానికని చెప్పి నిజాంసాగర్ కాలువకు వెళ్లేవాళ్లం. నీళ్లున్నన్నాళ్లు, వీలు చిక్కినప్పుడల్లా. అక్కడ నాకు ఈత నేర్పింది. నేర్పింది అంటే చక్కగా నేర్పిందనుకోకండి. చీర గోచి పెట్టించి కాలువలోకి తోసేది. ఊపిరాడక పైకొస్తే జుట్టు పట్టి మళ్లీ ముంచేది. ఏడిస్తే వీపు మీద చరిచేది. దెబ్బలకు దెబ్బలే మందా అని నేను ఒకరోజు అరిచాను. ఆమె పగలబడి నవ్వింది.

"నీళ్లల్ల గుద్దుకు బలముండది బిడ్డా. గది తెల్వాలె నీకు."

మునిగేవాణ్ణి ఎలా బయటికి లాగాలో కూడా అప్పుడే చెప్పింది. "ముంగట నుంచి పోకు, మీదెక్కి నిన్ను గూడ ముంచుతడు. ఎన్కకెల్లి పోయి జుట్టు వట్టు. వాడు గుద్దితే గుద్దనియ్యి." తనే మునిగినట్టు నటించి, నన్ను గుద్ది, నాతో లాగించుకునేది. ఆమె ఒక పక్కకు వాలి, కుడి చేయి ఒక్కటే బార్లా చాపి ఈదేది. ఎడమ భుజం నీళ్ల కింద ఉండిపోయేది.

మరుసటి ఏడు వేసవికి మా అత్త మొక్కొకటి బయటికి తీసింది. పిల్లలు కలగాలంటే ఆలుమగలు గంగ నడుమ రెండు మూడు రోజులుండి స్నానాలు చేయాలని. ఆ కాలంలో మొగుడూ పెళ్లాం కలిసి సరదాకు పోతామంటే ఊరుకునేవాళ్లు కాదు, మొక్కంటే మాత్రం రొట్టెలు కట్టిచ్చి పంపేవాళ్లు. ఫ్యాక్టరీలో చెరుకు ఆడే క్రషింగ్ సీజన్ అయిపోయి ఆయన ఖాళీగా ఉన్నాడు. ఎక్కడ ఉండాలన్నదే తేలాలి. గంగలో దిబ్బలు తెలిసిన మనిషి పెద్దమ్మే కాబట్టి ఆమెనే పిలిచారు. మా అరుగు మీద అప్పుడు ఆయన జట్టువాళ్లంతా కూర్చుని ఉన్నారు.

"రెండు దిబ్బలున్నయ్ కొడుకా," అని మొదలుపెట్టింది. "ఒకటి పుచ్చకాయల దిబ్బ. తోటలోళ్లు ఉంటరు, గుడిసెలుంటయ్, నడుసుకుంట పోవచ్చు, మోకాలు తడ్వది. రెండోది గుండు దిబ్బ. నడిగంగల ఉంటది. సుట్టూత మడుగు, అడుగు దొర్కది. పుట్టి మీదనే పోవాలె. ఒక పెద్ద రాతి గుండున్నది, ఇంత ఇసుకున్నది. నరమానవుడు ఉండడు."

మా ఆయనకు ఈత రాదు. ఆ సంగతి నాకు తెలుసు, పెద్దమ్మ ఎప్పుడో కనిపెట్టింది, జట్టువాళ్లకు మాత్రం తెలియదు. ఆయన మీసం సవరించుకుంటూ "పుచ్చకాయల దిబ్బనే మంచిగుంటదేమో" అన్నాడు.

"గంతే కొడుకా, గక్కడికే పోండ్రి," అంది పెద్దమ్మ ఎంతో ప్రేమగా. "ముసలోళ్లు, బాలింతలు అందరు గక్కడికే పోతరు. భయముండది."

అరుగు మీద ఎవడో కిసుక్కుమన్నాడు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "భయమెవనికి? గుండు దిబ్బకే పోతం!" అన్నాడు. పిడిగుద్దులాటలో మొనగాడు నలుగురిలో తనకు నీళ్లంటే భయమని ఎలా చెప్తాడు? పెద్దమ్మ గంప ఎత్తుకుంటూ నాకేసి చూసింది. ఈత ఎందుకు నేర్పిందో నాకు అప్పుడు అర్థమైంది.

రెంజల్ దాకా బస్సు, అక్కడినుంచి నడక, ఆ తర్వాత పుట్టి. పెద్దమ్మే గెడ వేసి మమ్మల్ని దింపి, తాను ఒడ్డుకు పోయి, దిబ్బ కనిపించేచోట మకాం పెట్టింది. మొదటి రోజు నిజంగా మంచి రోజు. ఆయన ఇసుకలో పసివాడిలా పరుగెత్తాడు. గుండు మీదికి ఎక్కి నన్ను చేయిచ్చి లాగాడు. పంచె పరిచి నాలుగు చేప పిల్లల్ని పట్టాడు, చీలమండల కన్నా లోతుకు మాత్రం దిగలేదు. నేను ఒడ్డు అంచున ముంత ముంచుకుని స్నానం చేశాను. ఆయన నవ్వుతుంటే నాకు ఎంత ఇష్టమయ్యాడో కూడా రాయాలి, లేకపోతే అబద్ధమవుతుంది. నేర్చుకున్న ఈతతో పని పడదేమో అనుకున్నాను.

మర్నాడు అన్నంలో ఇసుక పంటికింద పడింది. ఇసుక దిబ్బ మీద వండిన అన్నంలో ఇసుక! గిన్నె నా మీదికి వచ్చింది, వెనకాలే పిడికిలి వచ్చింది. పెదవి చిట్లింది. రెండో గుద్దు భుజం మీద పడింది. మూడోది పడకముందే లేచి నీళ్లలోకి పరుగెత్తాను.

"రాయే బయటికి! మున్గి సస్తవ్!" అని ఒడ్డున నిలబడి కేకలు పెట్టాడు. ఆ గొంతులో కోపం సగం, భయం సగం. నేను మునగలేదు. మునగడం లేదని ఆయనకు అర్థమయ్యేసరికి సగం దూరం ఈదాను. పెద్దమ్మ అప్పటికే పుట్టి వేసుకుని వచ్చేసింది. నన్ను పైకి లాగి, పెదవి చూసి, పుట్టిని దిబ్బకు రాతి వేటు దూరంలో ఆపింది.

"ఇగ తాడు గట్టినం కొడుకా," అని అరిచింది. "గంగనే తాడు. నువ్వు గా పక్క, మేం గీ పక్క. గుద్దు ఇప్పుడు, సూస్తం."

"పుట్టి తేయే ముసల్దానా!"

"మళ్ల చెయ్యి లేపనని చెప్పు. తెస్త."

ఆయన చెప్పలేదు. రాళ్లు విసిరాడు. చాలా పుట్టికి తగిలాయి, ఒకటి పెద్దమ్మ కనుబొమ్మ మీద తగిలింది. నెత్తురు కంట్లోకి కారుతుంటే కొంగుతో అద్దుకుని, ఇంకో చేత్తో గెడను అలాగే పట్టుకుంది. వెళ్లిపోదాం పద పెద్దమ్మా అని నేను ఏడ్చాను. "పోతే వాడు గెల్చినట్టే" అంది. పొద్దు నడినెత్తికొచ్చింది. గుండు మండిపోతోంది. ఆయన దాని చుట్టూ తిరుగుతున్నాడు, తిడుతున్నాడు, గొంతు పోయాక చేతులు ఊపుతున్నాడు. ఆఖరికి ఒక్కసారిగా, చెరుకు మోపు మీదికి దూకినట్టు నీళ్లలోకి దూకాడు.

నాలుగు బారలు కూడా రాలేదు. తల మునిగింది, తేలింది, మళ్లీ మునిగింది.

"పోతవా బిడ్డా?" అంది పెద్దమ్మ. "పోకున్నా నిన్ను ఒక్క మాట అన. నువ్వు పోకుంటే నేను పోత. జల్ది చెప్పు."

దూకాను. దయ అని రాయలేను, పాతివ్రత్యం అసలే కాదు. నాకు పట్టరాని కోపం వచ్చింది. నా చెవి తీసినవాడు ఇంత తేలిగ్గా తప్పించుకుని పోతాడా అనిపించింది. వెనకనుంచి వెళ్లి జుట్టు పట్టుకున్నాను. ఆయన తిరగబడి గుద్దాడు. ఊరంతా భయపడే గుద్దు. నీళ్లలో అది నా పక్కటెముకల మీద తడిబట్టలా తగిలింది. నాకు నవ్వొచ్చింది, నోట్లోకి నీళ్లు పోయాయి. జుట్టు మాత్రం వదల్లేదు.

పెద్దమ్మ ఆయన పంచె పట్టి పుట్టిలోకి లాగింది. ఆయన బోర్లా పడి చాలాసేపు నీళ్లు కక్కాడు. ఆమె తన కనుబొమ్మకు కొంగు చింపి కట్టుకుంది. తర్వాత ఆయన చేతిలో జొన్నరొట్టె పెట్టి "తిను కొడుకా" అంది.

ఆ రోజుతో అంతా మారిపోయిందని రాస్తే అది కథ అవుతుంది. ఆ తర్వాత కూడా చేయి లేచిన రోజులున్నాయి. వెనక సందులోంచి ఆమెకు ఎలా తెలిసేదో, గంపతో వచ్చి గడపలో నిలబడి, తాపీగా అడిగేది: "ఏ దిబ్బకు పోదామే బిడ్డా?" లేచిన చేయి దిగేది. కొన్నేళ్లకు లేవడమే మానేసింది. ఆమె ఆయన్ని కొడుకా అని పిలవడం మాత్రం ఒక్కరోజూ మానలేదు. కనుబొమ్మ మీద మచ్చ ఏమిటని అడిగితే, ఆయన ముందరే, "గిదా, మా కొడుకు వెట్టిన బొట్టు" అనేది. ఆయన తల దించుకునేవాడు. ఆయన్ని అలా ఏళ్ల తరబడి తల దించుకోనిచ్చినందుకు కూడా ఆమెకు నేను రుణపడి ఉన్నాను. మా సందులో ఆడపిల్లలు చాలామందికి ఇప్పుడు ఈత వచ్చు. అందరి వీపుల మీదా ఆమె చరుపులున్నాయి.

పోచంపాడు ఆనకట్ట కట్టాక నీళ్లు వెనక్కి ఎక్కాయి. రెండు దిబ్బలూ మునిగిపోయాయి. ఆమె వెళ్లి చూసొచ్చి మా అరుగు మీద కూర్చుంది.

"రెండు ఖతం. ఇగ నేనేమని అడగాలె?"

"అడగాల్సిన పని లేదు పెద్దమ్మా" అన్నాను.

నా గడ్డం పట్టి మొహం ఇటూ అటూ తిప్పి చూసింది. "లేకుంటే మంచిదే. ఈత మాత్రం మర్వకు" అని గంప ఎత్తుకుంది.

ఆమె అస్థికలు కలపడానికి నేనూ మా ఆయనా వెళ్లాం. ఆడవాళ్లు పుట్టి ఎక్కకూడదని ఒడ్డున ఎవరో పెద్దమనిషి అన్నాడు. "నా పెండ్లానికే ఈత వస్తది. ఆమె లేంది నేను ఎక్క" అన్నాడు మా ఆయన, అందరి ముందర. పుట్టి అంచులు రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకుని కూర్చున్నాడు. పెద్దమ్మ తమ్ముడి కొడుకు గెడ వేశాడు. నడిమికి వచ్చాక గెడ కొస కింద రాయికి తగిలి టక్కుమంది.

"గుండు దిబ్బ గిక్కడ్నేనా?" అన్నాడు మా ఆయన కళ్లు తెరిచి. నా కుడి పక్కన కూర్చుని అడిగాడు, ఎప్పుడూ అటే కూర్చుంటాడు.

"ఇక్కడే. కింద ఉంది."

నేను కుండలోంచి బూడిద తీసి ఆయన చేతిలో పోశాను. ఆయన పిడికిలి బిగించి, పుట్టి అంచు మీంచి వంగి, మోచేతి దాకా నీళ్లలో పెట్టాడు. అలాగే కొంతసేపు ఉంచాడు. తర్వాత వేళ్లు ఒక్కొక్కటే విప్పాడు.